బాపు చేతికి గేమ్ ఇచ్చిన

ఇయ్యాల పొద్దుగాల ఇందల్వాయిల మా ఇంట్ల లాప్‌టాప్ మీద గేమ్ ఆడుతున్న. అండ్ల మనిషి కనవడడు, ముందట రెండు చేతులే కనవడ్తయి. మనమే బంగ్లాల మీద ఉరుకుతున్నట్టు, ఒకదాని మీదికెళ్లి ఇంకోదాని మీదికి దుంకుతున్నట్టు ఉంటది. ఆ స్పీడ్‌ల కాలేజీ, పరీక్షలు అన్నీ మర్చిపోత.

మా బాపు పక్క మంచంల పండుకొని సూస్తుండు. ముప్పై ఏండ్లు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. రెండేండ్ల కింద చెట్టు మీదికెళ్లి పడ్డడు, అప్పటిసంది కాళ్లు కదలయి. నేను దుంకినప్పుడల్ల ఆయన చేతులు మంచం పట్టెను గట్టిగ పట్టుకుంటున్నయి.

"ఆడుతవా బాపు?" అని, దిండేసి కూసోవెట్టి లాప్‌టాప్ ఒళ్ల పెట్టిన. మీటలు సూపెట్టిన. మొదటి దుంకుడుకే కింద పడ్డడు. రెప్పపాటుల మళ్ల అదే బంగ్లా మీద నిలవడ్డడు.

"గంతేనా బిడ్డా? పడ్డోడు మళ్ల ఆడనే నిలవడ్తడా?"

"అవ్ బాపు. ఎన్నిసార్లు పడ్డా గంతే."

బాపు ఇంకోసారి పడ్డడు. మళ్లోసారి పడ్డడు. జరసేపటికి నాకు సమజైంది, ఆయన అవతలికి దుంకుతనే లేడు. కావాలనే అంచు మీదికెళ్లి కిందికి అడుగేస్తుండు.

"గట్ల కాదు బాపు, దాటాలె."

"ఆగు బిడ్డా. జరసేపు పడనీ."

చాయ్ పెడ్తనని వంటింట్లకు పోయి, స్టవ్ ముట్టియ్యకుంటనే నిలవడ్డ.

గీ గేమ్‌ను అందరు స్పీడ్ కోసమే ఆడుతరని ఇన్నొద్దులు అనుకున్న. మీరు దేనికోసం ఆడుతరో జర చెప్పుండ్రి.