పసుపు రాయి కింది మన్ను

నిజామాబాద్‌లో మా అక్క ఇంటి వెనక గోడ దాటితే పాత చెత్త మైదానం. ఊరంతా ఏళ్ల తరబడి అక్కడే చెత్త పోసింది. దాని పక్కన ఎవరో షెడ్లు వేసుకుని పాత బ్యాటరీలు కరిగించి, పోతూ పోతూ ఆ మన్నును మాకు దానంగా వదిలిపోయారు. అక్క బోరు నీళ్లు ఆ మన్నులోంచే ఊరి వస్తాయి. ఖనిజాలకు లోటే లేదు.

తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకుంటుంది. బీడీ ఆకు తడపడానికి కూడా క్యాన్లు కొనాలంటే ఎక్కడైతుంది? ఆకు బోరు నీళ్లలోనే నానేది. ఆ తడి ఆకును పొద్దంతా కత్తిరించి చుట్టీ చుట్టీ అక్క వేళ్ల కొసలు పగిలి పుండ్లు పడ్డాయి. ఒకప్పుడు ఎడపల్లి పొలాల్లో చెరకు కొట్టినప్పుడు కూడా ఏమీ కాని చేతులవి. డాక్టరు చూసి ఆ నీళ్లు ముట్టుకోవద్దన్నాడు. ఎంత గొప్ప వైద్యం! వేళ్లు పనిచేయకపోతే ఇల్లెట్లా గడవాలో మాత్రం చీటీలో రాయలేదు.

అందుకే ఆ నేలను బాగుచేసి పార్కు కట్టడానికి సర్కారు నిధులు వచ్చాయని తెలిసిన రోజు అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది.

"తమ్మీ, మన్నంత తవ్వి తీస్కపోతరంట. నా చేతులు బాగైతయ్ రా!"

కంఠేశ్వర్‌లో నా జిరాక్సు దుకాణం కట్టేసి వెళ్లాను. అప్పటికే మన్ను పరీక్షల సార్లు వచ్చి, డబ్బాల్లో నింపుకుని పోయారట. మైదానంలో, గోడకు కాస్త దూరంలో, కొత్తగా ఒక రాయి నిలబడి ఉంది. ఒళ్లంతా పసుపు రంగు, మీద ఎర్రటి చుక్క. మా దిక్కు అలాంటి రాయిని చూసి ఇదేమిటని అడిగేవాళ్లు ఉండరు. ముందు చెప్పులు విడుస్తారు.

"ఎవ్వలు నిలవెట్టిండ్రక్కా?" అన్నాను, చెప్పులు విడుస్తూనే.

"ఎవ్వలైతేంది? నా బాధ సూడలేక అమ్మనే అచ్చింది."

ఆ రంగు మీద అక్క అసలు పసుపు పూసింది. చేతులు బాగు చెయ్యమని మొక్కుకుంది. ఆమెను చూసి గల్లీ ఆడవాళ్లంతా వేపమండలు, కొబ్బరికాయలు పట్టుకొచ్చారు. నెల తిరిగేసరికి మంగళవారాలు అక్కడ వరుస కట్టాల్సి వచ్చింది.

తర్వాత తవ్వే యంత్రం వచ్చింది. రాయి కనపడగానే డ్రైవరు ఇంజన్ ఆపి దండం పెట్టాడు. కాంట్రాక్టరు సర్కారు ఆఫీసును అడిగితే, భక్తుల మనోభావాలు దెబ్బతినొద్దన్నారు. అక్క వేళ్లకు మనోభావాలు లేవు కదా! రాయి చుట్టూ జాగా వదిలేసి మిగతాదంతా తవ్వి, ఎర్రమట్టి పోసి, గడ్డి పరిచి, బెంచీలు వేశారు. సుందరీకరణ కింద అమ్మవారికి సిమెంటు గద్దె కూడా కట్టించారు. రిబ్బన్ కత్తిరించిన పెద్దమనిషి, హాయిగా మంచి గాలి పీల్చుకోండని మాకు చెప్పి, కారు అద్దాలు ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

బోరు నీళ్లు మారలేదు. అక్క వేళ్లు ఇంకా పగిలాయి.

ఒక మంగళవారం నేనూ అక్కతో పార్కుకు వెళ్లాను. పరీక్షల సారు మళ్లీ వచ్చి, గద్దె ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"ఇది మేము పాతిన గుర్తు రాయమ్మా! విషం అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే తేలింది. ముందు తవ్వాల్సిందే ఇది."

"అయితే గిప్పుడు తవ్వుండ్రి సారూ," అంది అక్క.

"పని అయిపోయిందని రాసేశారమ్మా. మిగిలిన నిధులు వాపసు పోయాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. "నిజామాబాద్‌ల నిలవెట్టే రాయికి పసుపు రంగే దొర్కిందా సారూ మీకు?"

"దూరం నుంచి బాగా కనిపిస్తుందని..." అని నసిగాడు.

బాగానే కనిపించింది పాపం, ఊరందరికీ.

అక్క కొబ్బరికాయ కింద పెట్టి, కొంగు నడుముకు చెక్కుకుని గద్దె ఎక్కింది.

"తల్లీ, నీ కాళ్లు మొక్కుత. జర లేసి పక్కకు జరుగు. నా చేతులు నీ కిందనే ఉన్నయంట."

పగిలిన వేళ్లతోనే రాయిని పట్టుకుని లాగింది. నేనూ ఎక్కి లాగాను. రాయి ఇసుమంతైనా కదల్లేదు. సర్కారు నిధులతో చేసిన పనుల్లో ఆ సిమెంటు ఒక్కటే గట్టిగా చేశారు.