టూవూంబాలో తెల్లచీర దయ్యం

మా అమ్మాయికి అయిదేళ్ళు నిండిన ఆ రోజుల్లో, నాకు చేతకాని పని ఒకటి ఈ భూమ్మీద ఉండవచ్చునన్న అనుమానం నాకు ఒక్కసారైనా రాలేదు. తెనాలి నుంచి ఆస్ట్రేలియా వచ్చి, ఇక్కడి పరీక్షలన్నీ మొదటిసారే పాసై, టూవూంబాలో పళ్ళ డాక్టరుగా కొత్తగా ఉద్యోగంలో చేరినదాన్ని. (మా ఆయన డ్రైవింగు పరీక్ష మూడోసారికి పాసైన సంగతి కూడా ఎవరూ అడక్కుండానే చెప్పేదాన్ని.) పన్ను విరిగి వేరు లోపలే ఉండిపోయినా చెయ్యి వణకని నాకు, పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకి తిరిగే హాలోవీన్ పండక్కి చిన్నపిల్లకి వేషం కట్టడం ఒక లెక్కా అనుకున్నాను.

అసలు సంగతేమిటంటే, స్కూల్లో అందరికన్నా మా పిల్లే పొట్టి. పెద్ద క్లాసు ఆడపిల్లలు దాన్ని బొమ్మలాగా ఎత్తుకుని తిప్పేవారు. చూసినవాళ్ళల్లా 'క్యూట్' అనేవారు. ఆ మాట వినీ వినీ దానికి విసుగు పుట్టింది. ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే కారు వెనక సీట్లోంచి చాలా గంభీరంగా చెప్పింది. "ఐ డోంట్ వాంట్ టు బి క్యూట్, అమ్మా. ఐ వాంట్ టు బి స్కేరీ. జస్ట్ వన్ పర్సన్." ఒక్క మనిషి భయపడితే చాలట. అద్దంలో చూస్తే పెదవులు బిగించుకుని కూర్చుని ఉంది. నాకు జాలేసింది. ఒక్కరేమిటి, వీధి వీధంతా హడలిపోయేలా చేస్తానని మాటిచ్చేశాను.

షాపులో గుమ్మడికాయ వేషం దొరుకుతుంది కదా అన్నారు మా ఆయన. ఆ మాట నేను చెవిన పెట్టలేదు. దుప్పటికి రెండు కన్నాలు పెట్టి దయ్యం అనుకునే ఇక్కడివాళ్ళ పద్ధతి కూడా నాకు నచ్చలేదు. మన దయ్యానికి ఒక లక్షణం అంటూ ఉంది. తెల్లచీర ఉండాలి, జుట్టు విరబోసుకోవాలి, అన్నిటికన్నా ముఖ్యంగా పాదాలు వెనక్కి తిరిగి ఉండాలి. చీరకేముంది, నా పాత తెల్ల నేతచీర సగానికి చింపాను. పాదాల దగ్గరే నా చదువు అక్కరకొచ్చింది. పళ్ళ అచ్చు తీసే గులాబిరంగు పొడి, తేదీ దాటి పారేయాల్సిన డబ్బాలు రెండు క్లినిక్‌లో అడిగి తెచ్చుకున్నాను. నీళ్ళతో కలిపి ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసి, అందులో దాని కాళ్ళు ఒకటొకటిగా పెట్టించాను. కదలకు అంటే కదలకుండా కూర్చుంది (పుదీనా వాసనొస్తోందని మాత్రం ఒకసారి కిసుక్కున నవ్వింది). ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తే, గోళ్ళతో సహా రెండు బుల్లి పాదాలు దిగాయి. వాటిని స్కూలు బూట్ల మడమలకి ఎలాస్టిక్‌తో బిగించి, ముందువైపు బూట్లు కుచ్చిళ్ళ కింద కనపడకుండా సర్దాను. వెనక నుంచి చూస్తే నాకే ఒళ్ళు జలదరించింది. కట్టుడు పళ్ళు ఎన్ని చేసినా అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

శనివారం సాయంత్రం బయలుదేరాం. దారి పొడుగునా ఊదారంగు జకరండా పూలు, ఇంకా పోని ఎండ, దయ్యాలకి ఏమాత్రం అనువుగా లేదు. మొదటి ఇంటావిడ తలుపు తీసి, చేతులు జోడించినంత పని చేసి, "ఓ, లుక్ ఎట్ ద లిటిల్ బ్రైడ్!" అంది. అప్పుడుగానీ నాకు తట్టలేదు, ఈ దేశంలో తెల్లబట్టలు కట్టుకునేది పెళ్ళికూతురని. రెండో ఇంట్లో దేవకన్య అన్నారు. మూడో ఇంటి ముసలాయన పాదాలైతే చూశాడు గానీ, పాప బూట్లు తప్పుగా వేసుకుందని, పడిపోతుందని, పాపం వంగి సరిచేయబోయాడు. సంచీ నిండుతున్నకొద్దీ పిల్ల మొహం వాడిపోయింది. ఇంటికి పోదామంది. ఇంకొక్క ఇల్లు అని బతిమాలాను.

మూలనున్న ఆ ఇల్లు ఒక తెలుగు డాక్టరుగారిది. ఆయన డ్యూటీలో ఉన్నారు. వారం కిందటే ఇండియా నుంచి వచ్చిన వాళ్ళమ్మగారు, పిల్లలొస్తే చాక్లెట్లు పెట్టమని కొడుకు చెప్పిన ప్రకారం, పళ్ళెం పట్టుకుని తలుపు తీశారు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. అప్పటికి చీకటి పడుతోంది. మామ్మగారు పిల్లని నిదానంగా చూసి, రెండు చాక్లెట్లు ఇచ్చారు. పిల్ల నీరసంగా థాంక్యూ చెప్పి వెనక్కి తిరిగి నడిచింది. వరండా దీపం వెలుగు సరిగ్గా కిందికి పడింది. పిల్ల అటు వెళుతోంది, పాదాలు మాత్రం ఆవిడ వైపు తిరిగి ఉన్నాయి. ఆవిడ కెవ్వుమని కేక పెట్టారు, పళ్ళెం కింద పడింది. తలుపు ధడేలుమని మూసుకుంది. లోపల్నుంచి ఆంజనేయస్వామిని పిలవడం వినిపించింది.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది, నేను గేటు దగ్గర ఎగిరి గంతేశాను. పిల్ల మాత్రం దొర్లుతున్న చాక్లెట్లని చూస్తూ నిలబడిపోయింది. "షి ఈజ్ రియల్లీ స్కేర్డ్, అమ్మా," అని ఏడుపందుకుంది. నేను వెళ్ళేలోపే మెట్టు మీద కూర్చుని ఆ పాదాలు పీకేసింది, బూట్లు విప్పేసింది, వట్టి కాళ్ళతో వెళ్ళి తలుపు తట్టింది. నేనెంత తెలుగులో మాట్లాడినా ఇంగ్లీషులోనే జవాబు చెప్పే పిల్ల, తలుపుకి మొహం ఆనించి తెలుగులో చెప్పింది.

"మామ్మా, భయపడకు. నేను దయ్యం కాదు. నేను క్యూట్."

తలుపు కొంచెం తెరుచుకుంది. ఆవిడ ముందు దాని కాళ్ళే చూశారు. వేళ్ళు ముందుకే ఉన్నాయని తేల్చుకున్నాక, అక్కడే చతికిలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కున్నారు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత గుప్పెడు ఉప్పు తెచ్చి పిల్లకి దిష్టి తీసి నా వైపు తిరిగారు. "చదువుకున్నదానివి, పసిపిల్లకి తెల్లచీర కట్టి సంజెవేళ వీధుల్లో తిప్పుతావుటమ్మా?" అన్నారు. ఈ దేశం వచ్చాక నన్ను అలా నోరారా తిట్టిన మొదటి మనిషి ఆవిడే. నాకు ఎందుకో చాలా హాయిగా అనిపించింది.

ఇప్పుడు మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. మొన్న హాలోవీన్‌కి మొహానికి రంగు పూసుకోకముందే మూలింటికి వెళ్ళి, మళ్ళీ వచ్చి ఉన్న మామ్మగారు జడుసుకోకుండా ముందే తన మొహం చూపించి వచ్చింది. ఏటా ఆవిడ ఇక్కడుంటే అలాగే చేస్తుంది. చెయ్యమని నేనెప్పుడూ చెప్పలేదు. ఏమైనా కుట్టిపెట్టనా అని అడిగితే, అక్కర్లేదని నా తల నిమిరి (నాకన్నా పొడుగైపోయింది లెండి) స్నేహితులతో వెళ్ళిపోయింది. వీధంతటినీ హడలగొడతానని బయలుదేరిన ఆ పళ్ళ డాక్టరమ్మని తలుచుకుని, గుమ్మంలో నిలబడి కాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.