నూనె అంటిన కవర్లు

మొన్న సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చునేసరికి ఫోన్లో ఒక లింకు వచ్చి ఉంది. రిటైరయ్యేదాకా నేను పాఠాలు చెప్పిన ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్న అల్లవరం అమ్మాయి విదేశంలో పైచదువుకి దరఖాస్తు పెడుతోందట, ఆ అమ్మాయి గురించి మీ అభిప్రాయం రాయండి అని అక్కడి యూనివర్సిటీ నేరుగా నన్నే అడుగుతోంది. కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ పిల్ల తెలివితేటల గురించీ ఓపిక గురించీ నాకు తోచింది రాసి, కింద ఉన్న నీలం గడి మీద వేలు పెట్టాను. ధన్యవాదాలు అని ఒక ముక్క కనిపించి అంతా మాయమైపోయింది. గ్లాసులో టీ ఇంకా సగం అలాగే ఉంది.

మా రోజుల్లో ఇదే పని ఒక పంట పండించినంత పని అని నా ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లైబ్రరీలో లావుపాటి పుస్తకం తిరగేసి అడ్రసులు ఎత్తి రాసుకోవడం, దరఖాస్తు ఫారం పంపించండి మహాప్రభో అని ఉత్తరం రాయడం, అది ఏ సముద్రాలు దాటి వస్తుందో తెలియక ఎదురుచూడడం, తీరా వచ్చాక అమలాపురం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టకుండా ఊపిరి బిగబట్టి నింపడం, ఇలా ఒకదాని తర్వాత ఒకటి ఉండేవి. కాకినాడలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి ఇంటికి వచ్చేశాను. నాతో చదివినవాళ్ళు హైదరాబాదనీ మద్రాసనీ తలో దిక్కూ పోయారు. గాలివాన వచ్చినప్పుడల్లా మా కోనసీమలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు ఉండేది కాదు, అలా పోకుండా చూసే విద్య ఏదో నేను దరఖాస్తు పెట్టే ఆ దూరదేశంలో ఉందనీ, అది నేర్చుకోకపోతే నా చదువు సగంలో ఆగినట్టేననీ నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ కోరిక చెప్పుకుందామంటే మాత్రం ఊళ్ళో ఒక్కరూ లేరు. సందేహం వస్తే అడగడానికి మనిషి లేడు. ఆ చదువు మీకెందుకు కావాలో రాయండి అన్న కాగితాన్ని నాన్నగారికి చూపిస్తే, హైస్కూల్లో లెక్కల మాస్టారుగా జీవితమంతా సెలవు చీటీలు రాసిన మనిషి కనుక, సవినయంగా ప్రార్థించునది ఏమనగా అనే ధోరణిలో ఇంగ్లీషులో దిద్ది పెట్టారు. నవ్వొచ్చింది గానీ, పక్కన నవ్వేవాళ్ళు లేకపోతే నవ్వు కూడా ఎంతోసేపు నిలవదు.

అన్నిటికంటే కష్టమైనవి ప్రొఫెసరుగారి సిఫార్సు ఉత్తరాలు. ఆయన ఏం రాశారో మనం చూడకూడదు. కవర్లో పెట్టి, అతికించి, ఆ అతుకు మీద అడ్డంగా సంతకం చేసి ఇస్తారు, సంతకం చెదిరితే ఆ ఉత్తరం చెల్లదు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, యానాం మీదుగా కాకినాడ వెళ్ళి, ఆయన తీరిక కోసం వరండాలో పడిగాపులు కాసి, ఆ కవర్లు గుండెకి హత్తుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మర్నాడు పోస్టు చేద్దామని బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాను.

ఇక్కడ మా పెద్దమ్మ గురించి చెప్పాలి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్ళేది, అక్కడ ప్రార్థన చేయించిన కొబ్బరినూనె ఒక పాత మందు సీసాలో పోసి తెచ్చేది. మా ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా, అది కుట్టు మిషనైనా సరే తలుపు గొళ్ళెమైనా సరే, ఆ నూనె బొట్టు తప్పేది కాదు. నా పదో తరగతి హాల్ టికెట్టు మొదలుకుని ఇంజనీరింగ్ ఆఖరి పరీక్షదాకా అన్నిటికీ ఒక మూల జిడ్డు మరక ఉండేది. పరీక్ష గదిలో మాస్టార్లు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకునేవారు. అంత అలవాటైన దాన్ని ఆ రోజు నేనే మరిచిపోయాను.

స్నానం చేసి వచ్చేసరికి పెద్దమ్మ కళ్ళు మూసుకుని బల్ల ముందు నిలబడి ఉంది. సంతకం ఉందంటే అదే ముఖ్యమైన చోటనుకుని, ప్రతి కవరు అతుకు మీదా ధారాళంగా నూనెతో సిలువ గుర్తు పెట్టింది. బాల్ పెన్ను సిరా నూనెకి కరిగి పాకింది. కాగితం పారదర్శకమై లోపలి గీతలు బయటికి కనిపిస్తున్నాయి. ఆవిడ కళ్ళు తెరిచి, "ఇంక నీకేం భయం లేదమ్మా" అంది. ఆ మొహం చూసి ఏమనగలను? కాకినాడలో ఇంకో పనుందని చెప్పి మళ్ళీ బయలుదేరాను.

ఆ రోజు పంటు మీద నిలబడి ఏడ్చాను. చుట్టూ సైకిళ్ళూ, కొబ్బరికాయల బస్తాలూ, కబుర్లాడుకుంటున్న జనమూ ఉన్నారు, నేనెందుకు ఏడుస్తున్నానో చెప్పినా అర్థమయ్యే మనిషి ఆ ఏటికి ఈ గట్టునా లేడు, ఆ గట్టునా లేడు అనిపించింది. ప్రొఫెసరుగారు మాత్రం కవరు వాసన చూసి, "మీ ఇంట్లో వంటకి కూడా ఇదే నూనేనా అమ్మా?" అని నవ్వి, మళ్ళీ టైపు చేయించి సంతకాలు పెట్టి ఇచ్చారు. ఈసారి వాటిని ఇంటికి తీసుకురాలేదు. అక్కడే కాకినాడలో రిజిస్టర్ పోస్టు చేసి, నూనె కవర్లు సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాను.

ఆ తర్వాత నెలలు నెలలు పోస్టుమాన్ గారి సైకిల్ గంటతోనే గడిచాయి. సీటొస్తే లావు కవరు వస్తుంది, రాకపోతే పల్చటిది. చర్చి దగ్గర ఎదురైన ప్రతివాళ్ళూ ఇంకా రాలేదా అని అడుగుతున్నారని బయటికి వెళ్ళడమే మానేశాను. వచ్చినవి వచ్చినట్టు అన్నీ పల్చటివే. ఆఖరిది కూడా వచ్చిన రోజు నాన్నగారు చొక్కా తొడుక్కుని బజారుకి వెళ్ళిపోయారు. నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను.

పెద్దమ్మ మాత్రం ఆ వారం శుక్రవారం ప్రార్థనకి వెళ్ళలేదు. పై వారమూ వెళ్ళలేదు. నూనె సీసా కిటికీలోనే ఉండిపోయింది. ఏమైందని అడిగితే, "నా ప్రార్థనలో బలం లేదమ్మా, నా మూలానే నీకు రాలేదు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ నూనె కవర్లు పంపనే లేదని చెప్తే, వాటిని పాడుచేశానని బాధపడుతుంది, చెప్పకపోతే దేవుడే తన మాట వినలేదని కుమిలిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి పెట్టె తెరిచి ఆ కవర్లు ఆవిడ ముందు పెట్టి, జరిగినదంతా చెప్పేశాను.

ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"అయ్యో పిచ్చిదానా! ప్రార్థన చేసినవి పెట్టెలో దాచుకుని, చెయ్యనివి పంపించేవా? ఇంక సీటు ఎలా వస్తుందే?"

నిజంగా ఉతికి ఆరేసింది. తిడుతున్నకొద్దీ ఆవిడ మొహంలోకి కళ తిరిగొచ్చింది, నేను కూడా ఎన్నో నెలల తర్వాత పడీపడీ నవ్వాను. నవ్వి నవ్వి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆ శుక్రవారం నుంచి మళ్ళీ ప్రార్థనకి వెళ్ళింది, బతికినన్నాళ్ళూ కనిపించిన ప్రతివాళ్ళకీ మా పిల్ల తెలివితక్కువతనం గురించి చెప్పుకుంది. నేను ఇక్కడే కాలేజీలో చేరి, ఆ దేశం వెళ్ళే పిల్లలెందరికో పాఠాలు చెప్పాను. నేను మాత్రం వెళ్ళలేదు. ఆ వెలితి ఇప్పటికీ ఉంది, లేదంటే అబద్ధం.

ఇవన్నీ మనసులో మెదిలేసరికి, టీ గ్లాసు కింద పెట్టి ఆ అల్లవరం అమ్మాయికి ఫోన్ చేశాను. పంపించేశానమ్మా, మీ ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు అని అడిగాను.

"ఇంట్లో ఇంకా చెప్పలేదండి మేడమ్ గారూ. రాకపోతే అందరికీ జవాబు చెప్పుకోలేనండి. వచ్చాకే చెబుదామనండి."

హైదరాబాదులో హాస్టల్ గదిలో ఉందట. ఈసారి ఊరొచ్చినప్పుడు ఒకసారి మా ఇంటికి వచ్చి వెళ్ళమన్నాను. "ఆయ్, అలాగేనండి, కానీ అంతా ఆన్‌లైన్లో అయిపోయింది కదండీ, మళ్ళీ ఏమైనా పనుందాండీ?" అని మర్యాదగా అడిగింది. పనేమీ లేదులే అమ్మా అన్నాను. నిజమే మరి, ఏం పనుందని చెప్పను?

ఆ రోజుల్లో నా అంత ఒంటరిది ఈ లోకంలో లేదనుకునేదాన్ని. కానీ నా కవర్లు పాడుచెయ్యడానికైనా ఇంట్లో ఒక మనిషి ఉండేది. ఈ అమ్మాయి దరఖాస్తుకి ఏ మరకా అంటలేదు, అంటించేవాళ్ళెవరూ దగ్గర లేరు.