గవర్రాజు నొక్కిపట్టిన బటన్

నజీర్ అహ్మద్ మంచివాడని అందరూ అనేవాళ్లు. ఆ మాట సగమే నిజం. మంచివాడే, కానీ పగ పట్టాడంటే వదిలే రకం కాదు. గవర్రాజు మీద పగని నాలుగేళ్లు కడుపులో పెట్టుకుని, ఎదురుపడినప్పుడల్లా నవ్వుతూ సలాం చెప్పాడు.

విశాఖపట్నం పాతూళ్లో పుట్టాడు. తండ్రి కరీం బాషా పెట్రోమాక్సు లైట్లు బాగుచేసేవాడు. నజీర్ పదహారో ఏట గవర్రాజు బ్యాటరీ షాపులో పనికి చేరి, పదమూడేళ్లు ఆసిడ్‌కి చొక్కాలు ధారపోశాడు. ఫిషింగ్ హార్బరు వచ్చాక మరబోట్ల బ్యాటరీలన్నీ అక్కడికే వచ్చిపడ్డాయి. జాలర్లకి ఎప్పుడూ తొందరే. తామే వైర్లు తగిలించేసి, ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి ఛార్జర్లు మాడ్చేసేవారు.

దానికి విరుగుడుగా పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో నజీర్ ఒక మిషను చేశాడు. వైర్లు సరిగ్గా తగిలిస్తేనే లోపల రిలే అనే చిన్న ఇనప నాలుక టక్కుమని అతుక్కుని కరెంటు వదులుతుంది. తిరగేస్తే ఉలకదు. అయితే ఆ నాలుకని లాగే బలం బ్యాటరీలోంచే రావాలి. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఇక లాగేదెవరు? ఛార్జింగు ఎవరికి కావాలో వాళ్లకే అందదు.

"ఒక్క వారం ఆగండి, దీనికో దారి సేత్తాను" అని నజీర్ చెప్పాడు. గవర్రాజు ఆగితేగా! అలాంటివే పది చేయించి, పదింటి మీదా తన పేరు రాయించి, బుర్ర తనదేనని జెట్టీ అంతా చాటుకున్నాడు. నెల తిరక్కుండానే పోలిరాజు అనే, బోటు నడిపే సరంగు పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ తెచ్చాడు. మిషను కదల్లేదు. గవర్రాజు పదిమంది ముందు నజీర్ వైపు చెయ్యి చూపించాడు.

"ఈడే సంపేసినాడు నీ బ్యాటరీని. పనోడని నమ్మితే ఇదీ!"

పోలిరాజు నజీర్ చెంప పగలగొట్టాడు. గవర్రాజు ఆ రోజే పనిలోంచి తీసేశాడు.

చెంపదెబ్బని నజీర్ మర్చిపోయాడు. పోలిరాజుకేం తెలుసు పాపం. గవర్రాజుని మాత్రం మర్చిపోలేదు. మిషను నజీర్‌దేనని, బ్యాటరీని నజీర్ చంపలేదని ఆ నోటితోనే, ఆ జనం ముందే అనిపించాలి. అతనికి కావలసింది అదొక్కటే.

ఇంటి అరుగు మీదే కొట్టు పెట్టి, రేడియోలు బాగుచేసుకుంటూ ఆ దారీ కనిపెట్టాడు. మిషను పక్కన ఒక బటన్ బిగించాడు. దాన్ని నొక్కిపట్టుకుంటే, రిలేతో పని లేకుండా ఒక బల్బు గుండా సన్నటి కరెంటు బ్యాటరీలోకి జారుతుంది. కాసేపటికి బ్యాటరీకి కాస్త ఊపిరొచ్చి నాలుకని తనే లాక్కుంటుంది. టక్కుమన్నాక వేలు తీసేయొచ్చు.

ఎనభై రెండులో అమ్మవారి పండగొచ్చింది. జాలర్లు బోట్లని జెట్టీలో వరసగా కట్టి, బోటు బ్యాటరీల మీదే రంగు బల్బులు వెలిగించారు. ఎవరి బోటు ముందు ఆరితే వాళ్లకి నామోషీ. పంతానికి పోయి మూడు రోజులు ఎవరూ ఆర్పలేదు. గవర్రాజుకీ ఒక బోటుంది, అదే అందరికంటే ఆఖర్న ఆరింది. నాలుగోరోజు పొద్దున ఒక్క ఇంజనూ లేవలేదు. పద్నాలుగు బ్యాటరీలు గవర్రాజు షాపుకి మోసుకెళితే, పది మిషన్లలో ఒక్కటీ టక్కుమనలేదు.

"అన్నీ సచ్చిపోనాయి. కొత్తవి మద్రాసు నించి రావాల, పది రోజులాగండి" అన్నాడు గవర్రాజు.

వేట లేకుండా పది రోజులా? జాలర్లు నజీర్ అరుగు మీద వచ్చి పడ్డారు. నజీర్ అందరికంటే ముందుగా పోలిరాజు బ్యాటరీయే పెట్టించాడు. పావుగంటకి టక్కుమంది.

"తప్పయిపోనాది భాయ్" అన్నాడు పోలిరాజు, తలెత్తలేక.

మధ్యాహ్నానికి గవర్రాజుది తప్ప పదమూడూ లేచాయి. తన బోటొక్కటే మిగిలిపోతుందని తెలిసి గవర్రాజు కూడా బ్యాటరీ మోయించుకుని వచ్చాడు. నజీర్ మర్యాదగా స్టూలు వేశాడు. అతను చూడకుండా, రిలే నాలుక అతుక్కోకుండా దాని కింద ఒక కాగితం ముక్క మడిచి దోపాడు.

"బటన్ మీరే పట్టుకోండి. టక్కుమనేదాకా యేలు తియ్యకండి" అని చెప్పి నమాజుకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి గవర్రాజు బొటనవేలు తెల్లబడిపోయింది. చుట్టూ జాలర్లు చేరి చోద్యం చూస్తున్నారు. నజీర్ గ్లాసులో టీ పోసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంకెంతసేపురా నజీరూ?"

"నన్నడుగుతారేటండీ? మిషను మీరు సేసిందే కదా. మీరే సెప్పాల."

జనం గొల్లుమన్నారు. గవర్రాజు తల దించుకుని గొణిగాడు. "నాను సెయ్యలేదు."

"ఇనబడలేదండి."

"నువ్వే సేసినావు! పోలిరాజు బ్యాటరీని నువ్వు సంపలేదు. నానే అబద్ధమాడినాను, సాలా?"

నజీర్‌కి కడుపు నిండిపోయింది. ఆ హాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తొందరపడలేదు. టీ ఆఖరి చుక్క దాకా తాపీగా తాగాడు. గ్లాసు కడిగి బోర్లించాడు. అప్పుడు అందరూ చూస్తుండగా మిషనులో చెయ్యి పెట్టి కాగితం లాగాడు. టక్కుమంది.

గవర్రాజు కాగితం కేసి, నజీర్ కేసి మార్చి మార్చి చూశాడు.

"మీ బ్యాటరీ గంట కిందటే లేసిందండి" అన్నాడు నజీర్. "మీకు తెల్లేదు."