మా అక్కకు తెలిసినవన్నీ తప్పులే

మా అక్క నర్సు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఎంతుందో చెప్పేస్తుంది, తర్వాత థర్మామీటరు చచ్చినట్టు ఒప్పుకుంటుంది. అలాంటి మనిషిని, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే పరీక్ష పాసైతేనే హెడ్ నర్సును చేస్తామన్నారు ఆస్పత్రివాళ్ళు. మూడే అవకాశాలు. రోగులు ఏ భాషలో మూలుగుతారో ఆ రూలు రాసిన మహానుభావుణ్ణి అడగాలని నాకు భలే కోరికగా ఉండేది.

కుర్చీ మీద అక్కకు మోజేమీ లేదు. హెడ్ నర్సుకు నైట్ డ్యూటీలు ఉండవు, అంతే.

"ఇన్నేళ్ళూ గబ్బిలంలా బతికానే. నలుగురిలాగా రాత్రిపూట పడుకుంటే చాలు నాకు" అనేది. 

పరీక్షలో ఒక పాఠం ఇస్తారు. దాని కింద కొన్ని వాక్యాలుంటాయి. పాఠం ఆ మాటే అంటే ఒప్పు, కాదంటే తప్పు, అసలు ఆ ఊసే ఎత్తకపోతే 'చెప్పలేదు' అని రాయాలి. వినడానికి ఎంత హాయిగా ఉందో! అక్క మొదటిసారి ఒక్క మార్కుతో తప్పింది. రెండోసారీ అదే ఒక్క మార్కు.

కోచింగ్ సెంటరు టైర్ల కొట్టు మీది మేడగది. మాస్టారికి మీసాలింకా సరిగ్గా రాలేదు గానీ మాటలు మాత్రం బాగానే వచ్చు. ఒకరోజు చేతుల శుభ్రత గురించి పాఠం ఇచ్చాడు. 'సబ్బు లేకుండా చేతులు శుభ్రం కావు' అన్న వాక్యం పక్కన అక్క ఒప్పు అని రాసింది.

"పాఠంలో సబ్బు ఊసే లేదు కదా మేడమ్?"

"లేకపోతే? సబ్బు లేకుండా ఎలా శుభ్రమవుతాయి? ఏదీ, మీ చేతులిలా చూపించండి!"

మాస్టారు చేతులు వెనక్కి దాచుకున్నాడు. మార్కు మాత్రం వెయ్యలేదు.

మూడోసారికి వారం ఉందనగా, కుట్టు మిషను ఆపి నేనే అక్కను కూర్చోబెట్టాను. పాఠం ఒక ముసలి డాక్టరు గురించి. 'రోగులకు ఆయనంటే ప్రాణం' అన్నది వాక్యం. అక్క ఠక్కున ఒప్పు అంది.

"ఎక్కడుందక్కా?"

"ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ తిరిగాడని ఉందిగా! ఇష్టం లేకపోతే తలుపులు తీస్తారటే?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "పొద్దున ఫోన్లో ఆ కొత్త నర్సును ఎందుకు చెడామడా తిట్టావ్?"

"మందు ఇచ్చి చార్టులో రాయలేదు. రాయకపోతే ఇవ్వనట్టే లెక్క."

"ఇచ్చిందని నీకు తెలుసుగా?"

"నాకు తెలిస్తే ఏం లాభం? చార్టులో ఉండా..." అక్క ఆగిపోయింది. పాఠం వైపు చూసింది. "ఓసి నా మతి మండా! ఇదీ చార్టేనా!"

ఆ వారమంతా ఇంట్లో ప్రతి మాటకూ 'రాసి ఉందా?' అని అడిగి మా ప్రాణాలు తోడేసింది. పరీక్ష మాత్రం పాసైంది.

హెడ్ నర్సుగా ఆర్డరు వచ్చిన రోజు నేను ఎగిరి గంతేశాను. అక్క పెన్సిలు పట్టుకుని ఒక్కో వరుసా చదివి, మొహం చిన్నబుచ్చుకుంది.

"నైట్ డ్యూటీ ఉండదని ఇందులో ఎక్కడా లేదే."

"హెడ్ నర్సుకు ఉండదని అందరికీ తెలిసిందేగా!" అన్నాను. అక్క పెన్సిలు నా వైపు చూపించి, "రాసి ఉందా?" అంది.

మర్నాడు ఆ మాట రాయించుకోవడానికి ఇద్దరం ఆస్పత్రి ఆఫీసుకు వెళ్ళాం. గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

"తెలిసిందే కదా మేడమ్, మళ్ళీ కాగితం మీద ఎందుకు?"

"తెలిసినవి రాసే రెండుసార్లు తప్పాను బాబూ. మీరు రాయండి."

గుమాస్తా నసిగాడు. "అంటే... మనుషులు తక్కువైనప్పుడు... ఒకటీ అరా వెయ్యాల్సి వస్తుందేమోనని..."

అమ్మ దొంగా! నేను నోరు తెరిచేలోపు అక్క కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"రాసేదాకా ఇక్కడే ఉంటాను. రాత్రులు మెలకువగా ఉండటం నాకు అలవాటే."

మధ్యాహ్నానికి పైఅధికారి సంతకంతో, ముద్రతో సహా ఆ వాక్యం ఆర్డరులో చేరింది. అక్క దాన్ని రెండుసార్లు చదివి, పక్కన పెన్సిలుతో ఒప్పు అని రాసింది.