నేను రాయని గోల్

ఈ ఏడాది జనవరిలో మా డైరెక్టరు మేడం నన్ను గదిలోకి పిలిచి, మహిళా కాలేజీల లాక్రోస్ పోటీల చరిత్ర రాయమన్నారు. ఫైనల్ రోజున పంచడానికి చిన్న పుస్తకం వేస్తారట.

"మొదటి ఏడాది నుంచీ ఉన్నది మీరొక్కరే కదా. మీకు తెలియనిది ఏముంది?" అన్నారు.

సరేనని వచ్చి నా సీట్లో కూర్చున్నాను.

నాది పశ్చిమ గోదావరి. అల్ రయ్యాన్‌లోని ఒక కాలేజీలో, ఆటల విభాగం ఆఫీసులో ఉద్యోగం. లాక్రోస్ అంటే ఏమిటో ఖతార్ వచ్చేదాకా నాకూ తెలియదు. చివర చిన్న వల ఉన్న కర్రతో బంతిని పట్టుకుని, పరిగెడుతూ ఒకరికొకరు విసురుకుంటూ ఎదుటివాళ్ళ గోల్‌లోకి కొట్టాలి. అమెరికా నుంచి వచ్చిన ఒక టీచరు మా కాలేజీలో గుప్పెడు మంది అమ్మాయిలకి నేర్పింది. వాళ్ళని చూసి ఇంకో మూడు కాలేజీలు జట్లు పెట్టాయి. అలా మొదలైంది పోటీ. ఇంతవరకు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. తర్వాత రాయవలసింది మొదటి ఫైనల్ గురించి. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

ఏడేళ్ళ కిందటి ఆ ఫైనల్లో స్కోరు రాసింది నేనే. బోర్డు ఏమీ లేదు, నా కాగితమే లెక్క.

మా జట్టు కెప్టెన్ తెలుగు పిల్లే. వాళ్ళ నాన్న జగిత్యాల వైపు నుంచి కూలిపనికి వచ్చి, సైటు సూపర్‌వైజర్ దాకా ఎదిగి, భార్యనీ కూతుర్నీ తెచ్చుకున్న మనిషి. ఆ రోజు సగం పూట సెలవు పెట్టి, డ్యూటీ బట్టల్లోనే వచ్చి గ్యాలరీలో కూర్చున్నాడు. నన్ను చూసి దూరం నుంచే దణ్ణం పెట్టాడు.

మూడో క్వార్టర్ చివరి నిమిషంలో నా ఫోన్ మోగింది. మా చెల్లి భీమవరంలో బట్టల కొట్టులో ఉండి చీరల ఫోటోలు పంపుతోంది. బల్ల కింద ఫోన్ పెట్టుకుని చూశాను. "ఆకుపచ్చది బాగుంది, అంచు దగ్గరగా తీసి పంపు" అని కొట్టాను. తలెత్తేసరికి విజిల్ పడింది, అమ్మాయిలు నీళ్ళు తాగడానికి వెళ్తున్నారు. మా జట్టు పిల్లలు గంతులేస్తున్నారు. ఎందుకా అనుకున్నాను. అడగలేదు.

ఆట ముగిసేసరికి నా కాగితం మీద ఎనిమిది, ఎనిమిది. అదనపు సమయం ఇవ్వాలని రెఫరీ అంటుంటే కెప్టెన్ పిల్ల పరుగున నా బల్ల దగ్గరకు వచ్చింది. ఎవరికీ అర్థం కాకుండా తెలుగులోనే మెల్లగా అంది.

"ఆంటీ, జర మంచిగ చూడుండ్రి. మాకు తొమ్మిదైనయ్. మూడో క్వార్టర్ల ఆఖరికి ఒకటి కొట్టినం."

వాళ్ళ గంతులు ఎందుకో అప్పుడు అర్థమైంది. కానీ రెఫరీ, అవతలి కాలేజీ టీచర్లు నన్నే చూస్తున్నారు. మా కాలేజీ పిల్ల, పైగా తెలుగు పిల్ల. ఇప్పుడు దిద్దితే మన పిల్లని గెలిపించుకుంది అంటారేమో. ఆట చూడకుండా ఫోన్ చూశానని తెలిస్తే ఉద్యోగం ఏమవుతుందో.

"ఖచ్చితమేనా?" అని రెఫరీ అడిగాడు.

నేను ఆ పిల్ల వైపు చూడకుండా ఇంగ్లీషులో చెప్పాను, ఖచ్చితం, ఎనిమిదే అని.

అదనపు సమయంలో అవతలి జట్టు గోల్ కొట్టింది. కప్పు వాళ్ళకి వెళ్ళింది. మా కెప్టెన్ కర్రని నేలకేసి కొట్టి, ఏడుస్తూ మైదానం దాటి వెళ్ళిపోయింది.

ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే, ఆ రోజు ఆఫీసుకి వెళ్తే, వెబ్‌సైట్ కోసం ఎవరో తీసిన వీడియో వచ్చి ఉంది. తలుపు వేసుకుని చూశాను. మూడో క్వార్టర్ చివర బంతి గోల్‌లో పడింది, రెఫరీ చెయ్యి ఎత్తాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. తొమ్మిది. ఆ మూలన బల్ల దగ్గర తల వంచుకుని నేను.

మొత్తం వీడియో నా దగ్గర దాచి, ఆ ముక్క కత్తిరించి మిగతాది వెబ్‌సైట్‌కి పంపాను. అదే మధ్యాహ్నం అప్పటి డైరెక్టరు ఒక లెటర్ టైపు చెయ్యమన్నారు. మైదానంలో అనుచితంగా ప్రవర్తించినందుకు కెప్టెన్‌ని వచ్చే ఏడాది జట్టులోకి తీసుకోరని. ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను.

ఇదంతా మా ఆయనకి కూడా చెప్పలేదు. ఈ జనవరిలోనే, అల్ ముంతజాలో మా ఫ్లాటులో అన్నం తింటూ చెప్పాను. ఆయన కంచం పక్కకి జరిపాడు.

"ముందు ఆ పిల్లకి చెప్పు. పుస్తకం సంగతి తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు అల్ దోహా అల్ జదీదాలో ఒక క్లినిక్‌లో పనిచేస్తోంది. ఫోన్ చేసి వెళ్ళాను. కింద టీ కొట్టులో కూర్చున్నాం. చీరల ఫోటోలతో సహా అన్నీ చెప్పాను. తను కప్పు చుట్టూ చేతులు పెట్టుకుని విన్నది.

"మీ కాయితంల తప్పున్నదని నాకు ఆనాడే ఎర్కనే ఆంటీ. లెక్క నాకు తెల్వదా?" అంది. "మా నాయిన నమ్మలే. కారుల పోంగ ఒకటే మాట. 'గా బల్ల కాడ మన తెలుగామె ఉండె గద బిడ్డా, ఆమెందుకు అబద్ధమాడుతది? ఓడినవ్, ఒప్పుకో' అన్నడు. గెల్వకపోతే ఏమాయె గనీ, అది బాధైంది."

నేను క్షమించమన్నాను. తను ఫోన్ తీసి నంబరు కలిపింది.

"నాయినా, ఒకామె మాట్లాడుతదట" అని నా చేతికిచ్చింది.

ఆయన ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడు. వెనక ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. నేనెవరో చెప్పాను. గుర్తుపట్టి, "బాగున్నవా అమ్మా?" అన్నాడు. ఎలాగో చెప్పాను. మీ అమ్మాయి చెప్పిందే నిజమండీ, నేనే అబద్ధం చెప్పాను అని.

ట్రాక్టరు చప్పుడు ఆగింది.

"గప్పుడే చెప్పకపోయినవా అమ్మా," అన్నాడు. "నా బిడ్డను నేను ఊకె తిట్టిన. ఫోన్ దానికియ్యి."

ఫోన్ ఇచ్చేసి నేను పక్కకి వెళ్ళి నిలబడ్డాను. తండ్రీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో వినలేదు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం మాత్రం చూశాను. తర్వాత డ్యూటీకి టైమైందని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు మొత్తం వీడియో, జరిగింది రాసిన కాగితం డైరెక్టరు మేడం ముందు పెట్టాను. ఆవిడ రెండుసార్లు చూశారు. నన్ను తిట్టి ఉంటే తేలికపడేదాన్ని. "ఇన్నేళ్ళు ఇదే గదిలో కూర్చుని..." అని ఆపేశారు. కప్పు వెనక్కి అడగలేమన్నారు. ఆ లెటర్ రద్దు చేస్తూ ఇంకో లెటర్ రాయించారు. స్కోరు బల్ల దగ్గర ఇక నేను కూర్చోనక్కర్లేదన్నారు. పుస్తకంలో మొదటి ఫైనల్ పేజీలో, మా జట్టు గోల్ ఒకటి లెక్కలోకి రాలేదని, ఆ తప్పు స్కోరు రాసిన ఉద్యోగిదని, కెప్టెన్ అభ్యంతరం సరైనదని నేనే రాశాను.

లెటర్‌తో పాటు రెండు పుస్తకాలు ఆ అమ్మాయికి పంపించాను, ఒకటి వాళ్ళ నాన్నకి. "అందినయ్" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టింది. నేను ఏదో రాయబోయి చెరిపేశాను. ఇంకేం అడగడానికి నాకు మొహం లేదు.