దక్షిణం వాకిలి ఇల్లు

మొన్న తాడేపల్లిగూడెం నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. హైదరాబాదుకి బదిలీ అయిందట. పిల్లలతోపాటు వాళ్ళమ్మని, అంటే మా అక్కని, కూడా తీసుకెళుతున్నాడట. "ఇల్లు ఏ వైపు చూసుకోమంటారు మావయ్యా? మా ఆవిడ తూర్పు వాకిలే కావాలంటోంది. మీరు తిడతారని తెలిసే అడుగుతున్నానండి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పన్నెండేళ్ళ కిందట అమ్మనీ నా భార్యనీ తీసుకుని నేనూ ఏలూరు నుంచి అదే నగరానికి చేరాను. అమ్మది కొల్లేటి లంక గ్రామం. ఏలూరులో సాయంత్రమయ్యేసరికి అరుగు మీద కూర్చుని, దారిన పోయే కొత్తవాళ్ళని "ఏ ఊరండీ మీది?" అని పలకరించేది. చేపల బుట్టలో కొర్రమీను కొల్లేటిదో చెరువుదో చూపుతోనే తేల్చేది. తప్పు తేల్చినా ఒప్పుకునేది కాదు.

అప్పట్లో నేను హేతువాద సభల్లో వాస్తుని చీల్చి చెండాడేవాణ్ణి. హైదరాబాదులో రెండిళ్ళు చూశాం. మొదటిది కింద అంతస్తు, వీధిలోకి చిన్న వరండా. "పక్కా వాస్తు సార్" అన్నాడు యజమాని. ఆ ఒక్క మాటతో నాకు ఆ ఇల్లు చేదైపోయింది. రెండోది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. దక్షిణం వాకిలని ఎవరూ అద్దెకి దిగక ఆరు నెలలుగా ఖాళీగా ఉంది. నా కోసమే ఆగిందనిపించింది.

"దిక్కు సంగతి కాదండీ నేననేది. ఈ మెట్లు అత్తయ్యగారు ఎక్కలేరు. ఆవిడ మోకాళ్ళు చూశారా?" అంది నా భార్య.

"మీ నాన్నగారికి వాస్తు చెప్పే సిద్ధాంతి ఇప్పుడు మా అమ్మ మోకాళ్ళ మీద నడిచొస్తున్నాడన్నమాట" అన్నాను.

అమ్మ నా పక్షమే వహించింది. "మెట్లదేముందే అమ్మాయ్, మెల్లిగా ఎక్కేస్తాను. వాడి మాట పోనివ్వకు."

చేరిన రోజు మలుపు మలుపుకీ ఆగి ఎక్కింది. ఆ తరవాత తన కాళ్ళతో దిగలేదు. ఆస్పత్రికి రెండుసార్లు కుర్చీలో మోసుకుని దించాం. బాల్కనీలో కూర్చుని కింద వెళ్ళేవాళ్ళని "ఏవండీ, ఏ ఊరండీ?" అని పిలిచేది. అంత ఎత్తు నుంచి ఆ గొంతు కిందికి చేరేది కాదు. ఎవరూ తలెత్తేవారు కాదు. కొన్నాళ్ళకి పిలవడం మానేసింది. ఆ తరవాత కుర్చీ కూడా గదిలోకి జరిపించుకుంది. దక్షిణం వాకిట్లో మాకేమీ కాలేదని నేను సభల్లో చెప్పుకుంటూనే ఉన్నాను. అవుతున్నది నా ఇంట్లోనే, నా కళ్ళ ముందే.

అమ్మ పోయాక పలకరింపుకి వచ్చిన బంధువులు వాకిలి వైపు చూసి గుసగుసలాడారు. వాళ్ళతో వాదించాను, గెలిచాను. వాస్తుని నమ్మేవాడు దిక్కు చూసి ఇల్లు తీసుకుంటాడు. నేనూ దిక్కు చూసే తీసుకున్నాను.

"ముందు మీ అమ్మని తీసుకెళ్ళి చూపించరా. నేనూ మీ ఆవిడా కాదు, తను నడిచి చూసి బావుందన్న ఇల్లు తీసుకో" అన్నాను మేనల్లుడితో.

వాస్తు అబద్ధమన్నది ఇవాళ్టికీ నిజమే. ఆ నిజం ఎన్నేళ్ళైనా ఆగగలదు. అమ్మకి మిగిలినవి రెండేళ్ళే.